కొమ్ముకోనాం కోసం వేసిన లెక్కలు

1977 ఆగస్టు 14, ఆదివారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు మీరాలం చెరువు గట్టు మీద మా అన్న చేతిలోంచి గాలపు కర్ర జారి నీళ్లలో పడింది. వేళ చూసి గుర్తుపెట్టుకోవడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు. ఇంట్లో వేళాకోళానికీ, ఆఫీసులో మంచి పేరుకూ అదే కారణం. ఆనాడు గాలానికి తగిలింది రెండు శేర్లకు మించని బొచ్చె చేప. అంతకు నాలుగింతలున్న చేపలను అన్న అదే గట్టు మీద, నోట్లో బీడీ ఆరకుండానే ఒడ్డుకు చేర్చిన రోజులున్నాయి. కర్ర తేలుతూ లోపలికి పోతున్నా మేమెవరం దానివైపు చూడలేదు. అన్న తన కుడి అరచేతిని వెల్లకిలా తిప్పుకొని చూస్తున్నాడు. నేను అన్నను చూస్తున్నాను.

"ఏందన్నా, దెబ్బ గిట్ల తగిలిందా?" అన్నాను.

"లేదురా. పట్టుకున్ననే అనుకున్న. చెయ్యి పట్టుకోలే."

అన్నకు అప్పుడు నలభై నాలుగేళ్లు. ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరు. నేను ఐదేళ్లు చిన్నవాణ్ణి. ఒక సర్కారీ దఫ్తరులో జమాఖర్చుల గుమాస్తాను. బహదూర్‌పురాలో ఒకే ఇంట్లో చెరో పక్క వాటాలో కాపురముండేవాళ్లం. ఆ వారంలోనే అన్నను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను. బొటనవేలి కింది కండ కరిగిపోతున్నదని, మెడలో నరం నొక్కుకుపోయిందని, ఏడాది తిరిగేసరికి ఆ పిడికిలి బిగియకపోవచ్చునని చెప్పారు. నొప్పి ఉండదట. ఉద్యోగానికి ముప్పు రాలేదు. అన్నను స్టోరులో కూర్చోబెట్టారు. నొప్పీ లేక, జీతం నష్టమూ లేక పోతున్న చేతి గురించి ఇంట్లో ఎవరికీ ఏడవడం కూడా చేతకాలేదు.

తరువాతి ఆదివారం మేం ముగ్గురం మళ్లీ గట్టు మీద కూర్చున్నాం. మూడోవాడు యాకుత్‌పురా స్టేషన్‌లో పనిచేసే మా మిత్రుడు, క్రైస్తవుడు, మాటకారి. అతని చెల్లెలిని అండమాన్‌లో స్థిరపడిన ఒక ఉత్తరాంధ్ర పడవ మనిషికి ఇచ్చారు. అన్న ఆ రోజు గాలం వేయలేదు. మిత్రుడే అతని మనసు మళ్లించాలని మాట కలిపాడు.

"ఈ చెర్ల చేపలేం చేపలన్నా! మా బావ తాన కొమ్ముకోనాం అని ఉంటది. మూతికి బల్లెమంత కొమ్ము. మనిషి కన్న పొడుగు. మనం దాన్ని గుంజుడు గాదు, అదే మనల్ని గుంజుతది."

"గుంజితే?"

"గుంజితే ఏముంది, ఏసు ప్రభువా అనుడే."

అన్న నవ్వలేదు. నా వైపు తిరిగి, "తమ్మీ, ఈ చెయ్యి పోకముందుగాల దాంతోని ఒక్కసారి గుంజిపిచ్చుకోవాలె. లెక్క కట్టు," అన్నాడు.

సముద్రం ఎరుగని ఇద్దరు అన్నదమ్ములు సముద్రపు వేటకు ఏర్పాట్లు మొదలుపెట్టింది ఆ మాటతోనే. లెక్క కట్టడం నా వంతు అయింది. పటంలో ఆవగింజలంత ఉన్న దీవుల మధ్య గీతలు గీశాను. మద్రాసుకు రైలు, అక్కడి నుంచి ఓడలో నాలుగు రోజులు, మిత్రుడి చెల్లెలింట బస, బావగారి మోటారు పడవలో మూడు దీవులు చుట్టి రావడానికి తొమ్మిది రోజులు. గాలి నెమ్మదించేది సంక్రమణం తరువాతనే కనుక జనవరిలో బయలుదేరాలి. మిత్రుడి ఖర్చు మిత్రుడిది. మా ఇద్దరి చేతుల్లో ఉన్న సొమ్ము రెండు టికెట్లకు సరిపోయింది, మూడో టికెట్టుకు మిగల్లేదు. ఒక టికెట్టు అన్నది, రెండోది నాది. ఇందులో ఎవరికీ సందేహం రాలేదు.

పనిముట్టు జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. దేవిడీ అనే నవాబుల పాత మహల్లోంచి వచ్చిన సామానుల కుప్పలో, విరిగిన గ్రామఫోను పక్కన, కొబ్బరికాయంత ఇత్తడి రీలు. దానికి తగిన దళసరి కర్ర. ఏ నవాబు ఏ సముద్రం మీద వాడాడో అమ్మినవాడికీ తెలియదు. దాని పిడి కుడి పక్కన ఉంది. ఎడమచేతితో కర్రను నిలిపి, కుడిచేతితో పిడి తిప్పి దారం చుట్టుకోవాలి. తిరగేసి బిగించడానికి వీల్లేని నిర్మాణం. అంటే మొత్తం వ్యవహారం పోతున్న చేతి మీదే వచ్చి నిలిచింది.

చేప బరువు చేతుల మీద పడకుండా వీపు మీద పడితే సగం కష్టం తీరుతుందని అన్నకు తోచింది. మలక్‌పేటలో గుర్రప్పందాల మైదానం వెనక జీనులు కుట్టే ముసలాయన ఉండేవాడు. అన్నను నిలబెట్టి భుజాల నుంచి నడుము వరకు తోలు పట్టా కొలత తీసుకుంటూ ఆయన, "ఘోడా రోజ్ ఆతా, ఆద్మీ పైలీ బార్ ఆయా. ఖడే రహో మియా, దులత్తీ నక్కో మారో," అన్నాడు. గుర్రాలు రోజూ వస్తాయి గాని మనిషి రావడం ఇదే మొదలట; కదలకుండా నిలబడమని, వెనక్కాళ్లతో తన్నవద్దని. అన్న నెల రోజుల తరువాత మొదటిసారి పగలబడి నవ్వాడు. నవ్వుకు కొలత తప్పిందని ముసలాయన మళ్లీ మొదటి నుంచి కొలిచాడు.

అక్టోబరు 2న చెరువు పక్కనున్న ఖాళీ నేలలో పరీక్ష పెట్టుకున్నాం. ఒక పాత కుర్చీ కాళ్లను అరడుగు లోతున పూడ్చి, అన్నను దానిలో కూర్చోబెట్టి, తోలు పట్టా బిగించి, దారం కొసను ఒక టాంగా వెనక ఇరుసుకు కట్టాం. టాంగావాలా ఈ బేరానికి ఒప్పుకోవడానికి చాలా సేపు పట్టింది. "మేరే ఘోడే కో మచ్లీ బనాతే క్యా?" అని అతని ఫిర్యాదు; తన గుర్రాన్ని చేపను చేస్తారా అని. గుర్రం కదలగానే రీలు బుస్సుమన్నది. వీపు నిలిచింది, ఎడమచేయి నిలిచింది. గుర్రం ఆగిన చోట అన్న పిడి తిప్పడం మొదలుపెట్టాడు. ఆరో చుట్టులో వేళ్లు వాటంతట అవే విచ్చుకున్నాయి. పిడి వెనక్కి తిరిగి ఆయన మణికట్టును కొట్టింది.

నేను పరుగెత్తి పిడి పట్టుకున్నాను. అన్న నా వైపు చూడలేదు, తల ఎత్తి దారం వైపే చూస్తూ, "ఢీల్ దే, ఢీల్! ఆ... ఇప్పుడు లపేట్! లపేట్రా!" అని అరిచాడు. దారం వదలమని, చుట్టమని. అవి పతంగుల మాటలు. మా పాతబస్తీ మిద్దెల మీద పతంగి ఎగరేసేవాడు ఒకడైతే చరఖా అనే దారపు చక్రం పట్టి మాంజా దారం వదిలేవారు, చుట్టేవారు మరొకరు. ఎగరేసేవాడి చూపు ఆకాశంలో ఉంటుంది, వేళ్లు దారం మీద ఉంటాయి, నోట్లో ఈ రెండు మాటలే ఉంటాయి. అన్నకు ఆ క్షణంలో ముందున్నది గుర్రమన్న సంగతి కూడా గుర్తున్నట్టు లేదు. దారం మొత్తం చుట్టడం పూర్తయ్యాక ఆయాసపడుతూ, "దొరికిందిరా ఉపాయం!" అన్నాడు. కర్ర ఆయనది, చరఖా నాది. సముద్రం మీద కూడా అదే పద్ధతి అని ముగ్గురం ఒప్పుకున్నాం.

ఆ తరువాత ఆదివారాలన్నీ అభ్యాసమే. నేను గొప్పగా చేశానని చెప్పలేను. నాకు చుట్లు లెక్కపెట్టే అలవాటు పోలేదు. పద్దెనిమిది అంటుండగా అన్న "ఢీల్" అనేవాడు. పంతొమ్మిదిని పూర్తిచేసి ఆగేవాణ్ణి. ఆ ఒక్క చుట్టుకే దారం రెండుసార్లు తెగింది.

"అది జీతాల బిల్లు గాదురా నాయినా," అనేవాడు అన్న. "టోటల్ తప్పినా ఏం గాదు. వదులు!"

ఈ లోగా ఎర పని కూడా సాగింది. మీరాలం గట్టు మీద గాలం వేసే ప్రతివాడికీ సొంత చారా ఉంటుంది. దాని పాళ్లు కన్న కొడుకుకైనా చెప్పరు. మా అన్నది వేయించిన పల్లి చెక్క, జొన్నపిండి, మెంతులు, యాలకులు, చిటికెడు ఇంగువ, నెయ్యి కాచిన గసి. పెద్ద చేపకు పెద్ద ఎర కావాలన్న న్యాయం చొప్పున వదినతో రెండు పెద్ద డబ్బాల నిండా వేయించి దంచించాడు. ఆ వారమంతా మా గల్లీలో పెళ్లివారింటి వాసన. చుట్టుపక్కలవాళ్లు పిలుపు కోసం ఎదురుచూశారేమో కూడా.

నవంబరు 20న మిత్రుడి బావ మా ఇంటికి వచ్చాడు. చుట్టం చావుకు సొంతూరు వచ్చి, తిరిగి వెళ్లేలోగా మమ్మల్ని చూసి పోదామని హైదరాబాదు దాకా వచ్చిన సముద్రపు మనిషి. అన్న ముందుగా డబ్బా మూత తీసి చూపించాడు. ఆయన వంగి వాసన చూశాడు, చిటికెడు నోట్లో వేసుకున్నాడు.

"బాగుందండి. ఇదేటి, అన్నంలోకా?"

"చేపకు," అన్నాడు అన్న.

ఆయన మా ముఖాలు ఒక్కొక్కటిగా చూశాడు. "బాబూ, కొమ్ముకోనాం పిండి తింటాదేటండి? దానికి పరిగెత్తే సేప కావాలి. పడవెనకాల బతికున్న సేపని కట్టి పరిగెట్టించాలి. నిలబడున్నదాని ముకం కూడా సూడదు. ఇంత యాలక్కాయ ఎందుకు పాడుసేసేరండి!"

మిత్రుడు గోడకు ఆనుకొని నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. వంటింట్లోంచి వదిన గొంతు వినిపించింది: "నేను అప్పుడే అన్న, గా చేప మన గట్టు మీది ముసలోళ్ల లెక్క ఆశపడదని. నా చేతుల బొబ్బలు ఎవనికి చూపియ్యాలె?"

అన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే మా రెండు చేతుల పద్ధతి గురించి చెప్పాడు. కర్ర తనదని, చుట్టేది తమ్ముడని, గుర్రంతో పరీక్ష కూడా అయిందని. బావగారు తల గోక్కున్నాడు.

"పట్టడానికైతే పట్టొచ్చండి. గానీ మా పడవ మీదకి లోగడ ఈ ఆట తెలిసిన పెద్దాయనొకడు వచ్చేడు. ఆళ్లకో కట్టుబాటుందండి. గేలం తగిలిందగ్గర్నించి సేప పడవ పక్కకొచ్చీదాకా ఒక్కడి సెయ్యే ఉండాలి. ఇంకొకడు కర్ర ముట్టినా, రీలు ముట్టినా ఆ సేప లెక్కలోకి రాదు."

"అంటే నా చేప గాదా?"

"కట్టుబాటు పెకారం ఎవులిదీ కాదండి. కూరకైతే అందరిదీని."

ఈసారి మిత్రుడొక్కడే నవ్వాడు. అన్న డబ్బా మూత పెట్టాడు. అతిథి భోజనం చేసి వెళ్లేవరకు మర్యాదగానే మాట్లాడాడు. గుమ్మం దాటాక నాతో, "బంద్ చెయ్యి తమ్మీ. టికెట్లు తియ్యకు," అన్నాడు.

ఆ కట్టుబాటు నాకు సబబుగానే తోచింది. లెక్కలోకి రానిదాన్ని రాసుకోవడం ఎలాగో నాకు అప్పుడు తెలియదు. అన్న అడిగింది వేడుక కాదు. పోతున్న చేయి ఒక పని చేసిందని, అది తన పనే అని చెప్పుకోగలగడం. సగం పని మరొకడిదైతే ఆ మాట చెప్పుకోవడానికి ఉండదు. ఇంత చిన్న వాక్యం కోసం సముద్రం దాటడం పిచ్చితనమని అంటే అనవచ్చు. కానీ గుర్రం కట్టిన పట్టాలో కూర్చున్న అన్న ముఖం నేను చూశాను. కనుక అనలేదు.

ఆరు రోజులు ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఏడో రోజు, ఆదివారం మధ్యాహ్నం వదిన వాకిట్లో చాట ముందు పెట్టుకొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. అన్న గడప మీద కూర్చొని కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒకటొకటిగా మడిచి విప్పుతున్నాడు. నేను నా వాటా గుమ్మంలో గడ్డం గీసుకుంటున్నాను. వదిన తల ఎత్తకుండానే అడిగింది.

"మన లగ్గమైన కాడికెల్లి ఎన్ని పతంగులు కోసినవ్?"

"ఎన్నో. ఎవడు లెక్కపెట్టిండు?"

"మీ తమ్ముడు పెట్టే ఉంటడు. పోనీ. అవి ఎవలు కోసిన్రు?"

"నేనే."

"చరఖా ఎవలు పట్టిన్రు?"

అన్న వేళ్లు మడవడం ఆగింది. "నువ్వే," అన్నాడు.

"పదమూడేండ్లు పట్టిన. పిల్ల కడుపుల ఉన్నప్పుడు సుత పట్టిన. నీ మాంజాకు నా వేళ్లు తెగినయ్. పతంగి తెగినప్పుడల్ల అఫా అఫా అని గల్లీ మొత్తం నీ పేరు పెట్టి ఒర్లిన్రు. నా పేరు ఒక్కడన్న తీసిండా? నేను ఒక్కనాడన్న అడిగిన్నా?"

"అట్లయితే," అన్నాడు అన్న నెమ్మదిగా, "అవి సుత నావి గావు."

"గావని నాకు ఎన్నడో ఎరుకే. నీకే ఇయ్యాల ఎరుకయింది." ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "గిప్పుడు చెయ్యి పోతాందని చేప ఎవలి పేరు మీద ఉండాలెనో కొట్లాడుతున్నవ్. చెయ్యి మంచిగున్నప్పుడు సుత నువ్వొక్కనివే పట్టలేదు. ఇగ ఫికర్ ఏంది?"

నా చెంప మీద సబ్బు ఆరిపోయింది. వదిన చాట పక్కకు పెట్టి, లేచి, లోపలి నుంచి ఆ ఇత్తడి రీలు తెచ్చి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది. పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, "గింతేనా? చరఖా కన్న అల్కగుంది," అన్నది.

డిసెంబరు 4న మళ్లీ టాంగా పిలిచాం. టాంగావాలా ఈసారి బేరం ఆడలేదు. అతనికీ ఆసక్తి పుట్టింది. వదిన కొంగు నడుముకు చెక్కి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నది. గుర్రం కదిలింది. నేను దూరంగా నిలబడి, అన్న నోటి నుంచి వచ్చే మాట కోసం ఎదురుచూశాను. మాట రాలేదు. దారం బిగుసుకునే ముందే ఆమె చేయి పిడిని వదిలింది. దారం నడుమ కాస్త వంగిన క్షణానికి చుట్టడం మొదలైంది. ఆమె చూపు రీలు మీద లేదు, అన్న మోచేయి మీద ఉంది. మోచేయి దిగితే వదిలేది, లేస్తే చుట్టేది. దారం చివరి గజం వరకు వచ్చాక గాని ఇద్దరిలో ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు కూడా వదిన, "గుర్రానికి గడ్డి ఏసిన్రా ఇయ్యాల? బలం లేదు దానికి," అని మాత్రం అన్నది. టాంగావాలాకు కోపం వచ్చింది.

నేను ఎన్ని ఆదివారాలు అభ్యసించినా నాకు ఆ మోచేయి కనబడలేదు.

టికెట్లు రెండే. ఆ సాయంత్రం నా పేరు కొట్టివేసి వదిన పేరు రాయడానికి నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. తరువాత మాత్రం చాలా రోజులు ఆలోచించాను. దీవుల మధ్య దూరాలు, ఓడ వేళలు, గాలి వీచే దిక్కు, అన్నీ నాకు కంఠోపాఠం. ఒంటరిగా కూర్చుంటే పడవ మూడో దీవి మలుపు తిరగడం కళ్లకు కట్టేది. వేరొకరి ప్రయాణం అంత వివరంగా తెలిసి ఉండడం కొత్త సంగతి.

"మరి నువ్వో?" అని వదిన అడిగింది.

"మీ పిల్లల్ని ఎవలు చూడాలె?" అన్నాను. ముప్పై అయిదు రోజులు వాళ్లిద్దరినీ మా ఆవిడా నేనూ చూసుకున్నాం. గల్లీలో ఆడవాళ్లు మాత్రం, మొగుడితో చేపలు పట్టడానికి ఓడెక్కే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నామని అన్నారు. వదిన వాళ్లకు, "నేను పోతున్నది చేపలకు గాదక్కా, చరఖాకు," అని జవాబు చెప్పింది.

1978 జనవరి 9న అన్న, వదిన, మిత్రుడు ముగ్గురూ రైలెక్కారు. ఫిబ్రవరి 12న తిరిగి వచ్చారు. నల్లబడి, చిక్కి, వింత వాసనతో వచ్చారు. చెప్పింది తక్కువ. రెండు దీవుల దగ్గర సూర చేపలు తప్ప ఏమీ తగల్లేదు. మూడో దీవి వద్ద, ఎనిమిదో రోజు ఉదయం, ఎర మీదకు కొమ్ముకోనాం వచ్చింది. రెండుసార్లు నీళ్ల పైకి లేచింది. పట్టా రాసుకొని అన్న వీపు మీద చర్మం లేచింది. బావగారి గడియారం చొప్పున నలభై నిమిషాలు చేప గాలానికి చిక్కి ఉంది. పడవ పక్కకు వచ్చింది; దాని కన్ను చూశామని ఇద్దరూ విడివిడిగా చెప్పారు. బావగారు కొక్కెం ఎత్తబోతుండగా గాలం నిటారుగా సాగి ఊడిపోయింది.

"ఏడ్చినవా అన్నా?" అని అడిగాను.

"ఏడ్సుడెందుకురా? ఊడంగనే మీ వదిన 'అఫా!' అని ఒర్లింది. పతంగి తెగినట్టే. పడవంత నవ్వినం."

ఆ ఏడు దసరా నాటికి ఆ కుడిచేయి చాయ్ సాసరు కూడా ఎత్తలేదు. అప్పుడు రాసిన పద్దును ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

పోయినవి: దారం రెండు వందల గజాలు. గాలాలు మూడు. అన్నకు పదిహేను తులాల బరువు మోసేపాటి కుడిచేతి పట్టు. నాకు సముద్ర దర్శనం. కొమ్ముకోనాం ఒకటి, బావగారి అంచనాలో ఏడడుగులు.

ఉన్నవి: ఇత్తడి రీలు, పిడి కొంచెం వంగింది. తోలు పట్టా. అన్న వీపు మీద రెండు మచ్చలు, వదిన చూపుడువేలి మీద ఒకటి. ఆ నలభై నిమిషాలు, ఇద్దరి పేరున.